పాత లోగోలు, కొత్త ఆటలు

అందరికీ నమస్కారం. పాత రోజుల్ని గుర్తు చేస్తూనే కొంచెం చిలిపిగా ఉండే బ్రాండింగ్ గురించి మాట్లాడమన్నారు. నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకని కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. మధ్యలో ఎవరికైనా డౌట్ వస్తే ఆపి అడగండి, చివరి దాకా ఆగక్కర్లేదు.

నేననుకునేది ముందే చెప్పేస్తాను, తర్వాత ఉదాహరణలు చూద్దాం. పాతకాలపు రూపం తీసుకురావడం ఇవాళ ఎవరికైనా చేతనవుతుంది. రెండు మూడు రంగులు, ఒక లావుపాటి గుండ్రని ఫాంట్, పైన కాస్త నలిగిన కాగితం టెక్స్చర్, అయిపోయింది. కానీ అలాంటి పనిని రెండోసారి చూడబుద్ధి కాదు. ఆ పాత పని ఎందుకలా ఉండేది, ఏ మెషిన్ మీద తయారైంది, చేసినవాళ్లకి ఏ ఇబ్బందులుండేవి అని తెలుసుకుని, ఆ ఇబ్బందుల్నే మన పనిలోకి కావాలని తెచ్చుకుని వాటితో ఆడుకుంటే, అప్పుడు వచ్చేది వేరే. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి స్లైడ్ చూడండి, బర్గర్ కింగ్. 2021 జనవరిలో జోన్స్ నోల్స్ రిచీ అనే స్టూడియో, జేకేఆర్ అంటారు, ఈ కంపెనీ రూపాన్ని మొత్తం మార్చేసింది. అంతకుముందు 1999 నుంచి ఉన్న లోగో మీకు గుర్తుండే ఉంటుంది: పక్కకి వాలిన బన్ను, దాని మీద మెరుపు, చుట్టూ నీలం రంగు వంపు. ఆ నీలానికి, నిప్పుల మీద కాల్చే తిండికి ఏం సంబంధమో నాకెప్పుడూ అర్థం కాలేదు. జేకేఆర్ వాళ్లు నీలాన్ని తీసేశారు, మెరుపు తీసేశారు, 1969లో మొదలై చాలా ఏళ్లు నడిచిన పాత గుర్తు దగ్గరికి వెళ్లారు. పైన సగం బన్ను, కింద సగం బన్ను, మధ్యలో పేరు, అంతే.

పాతదాన్నే మళ్లీ పెట్టారు కదా, ఇందులో స్టూడియో చేసిందేముంది అనిపిస్తుంది. కానీ పాత లోగో పక్కన కొత్తది పెట్టి చూడండి. ఆకారాలు, కొలతలు అన్నీ మళ్లీ సర్దారు. దాంతో పాటు ‘ఫ్లేమ్’ అని సొంతంగా ఒక టైప్‌ఫేస్, అంటే ఒకే రూపంలో ఉండే అక్షరాల సెట్, గీయించుకున్నారు. ఆ అక్షరాలు ఉబ్బినట్టు, మెత్తగా, నొక్కితే లోపలికి పోతాయేమో అన్నట్టు ఉంటాయి. రంగులు కూడా నిప్పులోంచీ తిండిలోంచీ తీసుకున్నవే, ఎరుపు, నారింజ, గోధుమ రంగు. పాత లోగో వాళ్లకి తలుపు మాత్రమే అయింది, దాని వెనకాల కట్టుకున్న ఇల్లంతా కొత్తది. ఇక్కడ చిలిపితనం ఆ అక్షరాల్లోనే ఉంది. విడిగా బొమ్మలు వేసి, కళ్లు పెట్టి, నవ్వు పెట్టి తెచ్చింది కాదు.

ఇలాంటివి ఇంకొన్ని గబగబా చెప్తాను. బ్రిటన్‌లో కో-ఆప్ అనే సహకార సంస్థ 2016లో తన 1968 నాటి నాలుగు రేకుల గుర్తుకి వెనక్కి వెళ్లింది, ఆ పని చేసింది నార్త్ అనే స్టూడియో. అదే ఏడాది కొడాక్, 1971లో పుట్టి 2006లో పక్కన పెట్టేసిన ‘కె’ గుర్తుని వర్క్-ఆర్డర్ అనే స్టూడియోతో మళ్లీ బయటికి తీయించింది. పేరు మాత్రం పక్కకి కాకుండా అక్షరం కింద అక్షరం పెట్టారు. 2023లో పెప్సీ, 1991లో గుండ్రం బయటికి తెచ్చిన పేరుని మళ్లీ గుండ్రం లోపలికి తెచ్చింది, నలుపు కలిపింది. అది బయటి స్టూడియో పని కాదు, కంపెనీ లోపలి డిజైనర్లే చేసుకున్నారు.

ఇక నాసా. 1975లో డాన్ అండ్ బ్లాక్‌బర్న్ అనే చిన్న స్టూడియో, అంటే రిచర్డ్ డాన్, బ్రూస్ బ్లాక్‌బర్న్ కలిసి, ఎర్రటి గొట్టంలా వంపులు తిరిగిన నాలుగక్షరాల లోగో గీశారు. ‘ఎ’ అక్షరాలకి మధ్య అడ్డగీత కూడా ఉండదు. అందరూ దాన్ని ‘వార్మ్’ అంటారు, వానపామని. 1992లో దాన్ని తీసేసి 1959 నాటి నీలం గుండ్రాన్ని మళ్లీ పెట్టారు. కానీ డిజైనర్లు దాన్ని మర్చిపోలేదు. జెస్సీ రీడ్, హేమిష్ స్మిత్ అనే ఇద్దరు 2015లో ఆ లోగో వాడకం నియమాల పుస్తకాన్ని కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి మళ్లీ అచ్చు వేశారు. ఒక ప్రభుత్వ సంస్థ స్టేషనరీ ఎలా ఉండాలి, వ్యాన్ మీద పేరు ఎక్కడ రాయాలి అని చెప్పే పుస్తకాన్ని జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు, ఆలోచించండి. 2020లో వ్యోమగాముల్ని తీసుకెళ్లిన ఫాల్కన్ 9 రాకెట్ మీద ఆ వానపాము మళ్లీ కనపడింది. నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడు ఈ ఏళ్లు గమనించండి. 1968, 1969, 1971, 1975. అందరూ దాదాపు ఒకే చోటికి వెళ్తున్నారు. ఎందుకు?

సులువుగా చెప్పే జవాబు ఒకటుంది. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య చూసినవి, విన్నవి పెద్దయ్యాక మిగతా వాటికన్నా ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. డెబ్భైల్లో కుర్రాళ్లుగా ఉన్నవాళ్లకి ఆ లోగోలు అలా మనసులో ఉండిపోయాయి. సరే, నిజమే. కానీ ఆ ఏళ్లకి పుట్టనైనా పుట్టని పిల్లలకి కూడా ఇవి నచ్చుతున్నాయి కదా, వాళ్లకి ఏ జ్ఞాపకం ఉంది? అందుకే నేను రెండో జవాబుకి ఎక్కువ బరువిస్తాను. ఆ రోజుల్లో లోగో అంటే ఎన్ని చోట్ల బతకాలో చూడండి. న్యూస్‌పేపర్‌లో ఒక్క నలుపు రంగులో రావాలి, రబ్బరు స్టాంపు మీద రావాలి, ఫొటోకాపీ తీస్తే చెడకూడదు, గోడ మీద పెయింటర్ కుంచెతో గీసినా అదే అనిపించాలి. షేడ్లు, మెరుపులు అక్కడ పని చేయవు. అందుకని ఫ్లాట్‌గా, గట్టిగా, ఒక్క రంగులో కూడా నిలబడేలా గీశారు. తొంభైల్లో కంప్యూటర్లు వచ్చి మెరుపులన్నీ చవకైపోయాక ఆ క్రమశిక్షణ జారిపోయింది. తర్వాత ఫోన్లు వచ్చాయి, లోగో గోరంత ఐకాన్ లోపల బతకాల్సి వచ్చింది, మెరుపుల లోగోలు అక్కడ మచ్చల్లా కనపడ్డాయి. రబ్బరు స్టాంపు కోసం గీసినది ఫోన్ స్క్రీన్‌కి సరిగ్గా సరిపోయింది. అంటే వెనక్కి వెళ్లడానికి మమకారం ఒక్కటే కారణం కాదు, పనికొచ్చింది కాబట్టి కూడా వెళ్లారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, అక్షరాలు.

డెబ్భైల అక్షరాలు అంటే ఏం గుర్తొస్తుంది? లావుగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, తోకలు మెలికలు తిరిగి. అవి అలా ఎందుకున్నాయి? ఫ్యాషన్ అని వదిలేయొద్దు. అంతకుముందు అచ్చు అక్షరం అంటే లోహపు దిమ్మ. ప్రతి అక్షరం తన దిమ్మ మీద కూర్చుని ఉంటుంది, రెండు దిమ్మల్ని పక్కపక్కన పెడితే అంచులు తగులుకుంటాయి, అంతకంటే దగ్గరికి జరగాలంటే లోహాన్ని కోయాలి. ఫొటోటైప్‌సెట్టింగ్ వచ్చాక అక్షరం అంటే ఫిల్మ్ మీద ఒక బొమ్మ. దాని గుండా వెలుతురు పంపి ఫొటో కాగితం మీద పడేలా చేస్తారు. వెలుతురుకి దిమ్మ లేదు, అంచు లేదు. అక్షరాల్ని ఎంత దగ్గరికైనా తేవచ్చు, ఒకదాని మీద ఒకటి ఎక్కించొచ్చు, తోకని పక్క అక్షరం కిందికి పంపొచ్చు. ఇన్నేళ్లూ చేయలేనిది ఒక్కసారిగా చేతికొచ్చేసరికి ఆ డిజైనర్లు పిల్లల్లా ఆడుకున్నారు. 1970లో న్యూయార్క్‌లో హెర్బ్ లుబాలిన్, ఆరన్ బర్న్స్, ఎడ్ రోండ్‌థాలర్ కలిసి ఐటీసీ అనే టైప్‌ఫేస్ కంపెనీ పెట్టారు. మనం ఇవాళ డెబ్భైల రూపం అంటున్నదాంట్లో పెద్ద వాటా అక్కడి నుంచి వచ్చిందే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఐటీసీ సువెనీర్ చూడండి, డెబ్భైల ముఖం అంటే అదే. ఎడ్ బెంగియాట్ దాన్ని 1914లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన టైప్‌ఫేస్ మీద ఆధారపడి చేశాడు. కూపర్ బ్లాక్ కూడా పాతదే, షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీశాడు, 1922లో వచ్చింది. దాని మూలలన్నీ గుండ్రం, కింది అంచు కూడా సాఫీగా ఉండదు, అందుకే వరసలో అక్షరం కాస్త పైకీ కిందికీ అయినా, సిరా కాస్త పాకినా కంటికి తెలియదు. కాబట్టి డెబ్భైల వాళ్లు కూడా యాభై ఏళ్లు వెనక్కి చూసి తెచ్చుకున్నవే ఇవి. మనం వాళ్లని చూస్తున్నాం, వాళ్లు వాళ్ల తాతల్ని చూశారు.

వాళ్లకంటే ముందే ఈ దారి వేసినవాళ్లు కూడా ఉన్నారు, పుష్ పిన్ స్టూడియోస్. 1954లో న్యూయార్క్‌లో సేమోర్ క్వాస్ట్, మిల్టన్ గ్లేసర్, ఎడ్వర్డ్ సోరెల్ మొదలుపెట్టారు. స్విస్ పద్ధతి, గీతలు గీసి కొలిచి పెట్టే పద్ధతి రాజ్యమేలుతున్న కాలంలో వీళ్లు విక్టోరియన్ పోస్టర్లూ ఆర్ట్ నూవో, ఆర్ట్ డెకో లాంటి పాత శైలులన్నీ తవ్వి తీసి, ఏదీ ఉన్నదున్నట్టు పెట్టకుండా, ఒకదాంట్లో ఒకటి కలిపి, రంగులు మార్చి, నవ్వించేలా చేశారు. మీలో ఇలాంటి స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు ముందు వీళ్ల పని మొత్తం చూడండి. ఇవాళ్టి పని చూసి నేర్చుకుంటే మూడో చేతి సరుకు వస్తుంది.

ఇవాళ్టికి వస్తే, 2018లో కాలిన్స్ అనే స్టూడియో మెయిల్‌చింప్ రూపాన్ని మార్చింది. ఆ సమయంలో టెక్ కంపెనీలన్నీ ఒకే రకం గీతల అక్షరాల్లోకి వెళ్లిపోతున్నాయి, పేరు దాస్తే ఏది ఎవరిదో చెప్పలేం. కాలిన్స్ వాళ్లు కూపర్ కుటుంబంలోనే సన్నటి కూపర్ లైట్ తీసుకున్నారు, పసుపు రంగు, చేత్తో గీకినట్టుండే వింత బొమ్మలు. ఈమెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ కంపెనీ అది! ఆ కంపెనీకి డెబ్భైలతో ఏ సంబంధమూ లేదు. కానీ చేతి పనిలో ఉండే ఆత్మీయత కావాలి, అది ఎక్కడ దొరుకుతుందో వీళ్లకి తెలుసు.

సభలోంచి ప్రశ్న: మరి పైన గ్రెయిన్, అంటే ఇసక రవ్వల్లాంటి గరుకుదనం, చుక్కలు, రంగు పక్కకి జరిగినట్టు చూపించడం, ఇవన్నీ తప్పంటారా?

తప్పని అనను. ఎప్పుడు చేస్తున్నారన్నదే నా పట్టింపు. అచ్చులో రంగు పక్కకి ఎందుకు జరుగుతుంది? ఒక్కో రంగు ఒక్కో ప్లేటు మీంచి వస్తుంది కాబట్టి. రిసోగ్రాఫ్ మెషిన్‌లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది, జపాన్‌లో రిసో కంపెనీ ఆఫీసుల్లో కాపీల కోసం చేసిన మెషిన్ అది. ఒక్కో రంగుకి ఒక్కో డ్రమ్ము. ఒక్క డ్రమ్మే పట్టే మెషిన్‌లో రెండో రంగు కావాలంటే డ్రమ్ము మార్చి కాగితాన్ని మళ్లీ పంపాలి, ఆ రెండోసారి కాగితం వెంట్రుకవాసి పక్కకి వెళ్తుంది. దాంతో పని చేసేవాడు మొదటి నుంచీ రెండు సిరాలతోనే ఆలోచిస్తాడు. గులాబీ మీద నీలం పడితే ఊదా వస్తుంది, ఆ ఊదా ఎక్కడ కావాలో చూసుకుని బొమ్మ గీస్తాడు. జరుగుతుందని తెలుసు కాబట్టి సన్నని తెల్ల అంచులు వదలడు. అలా చేసిన పనికి ఎముకలుంటాయి. అన్నీ చేసేసి, లక్ష రంగులు వాడేసి, చివర్లో ఫిల్టర్ వేస్తే వంట దించాక పైన ఉప్పు చల్లినట్టు ఉంటుంది, లోపలికి పట్టదు. కంప్యూటర్‌లోనే చేయండి, ఫర్వాలేదు, కానీ ఫైల్ తెరిచిన నిమిషంలోనే రెండే సిరాలు అని రూల్ పెట్టుకోండి.

ఆట అంటే కూడా ఇంతే కదా. రూల్ లేకపోతే ఆట ఉండదు. 2019లో పెంటాగ్రామ్ అనే స్టూడియోలో ఎమిలీ ఓబర్మన్ బృందం ఫిషర్-ప్రైస్ బొమ్మల కంపెనీకి చేసిన పని చూడండి. 1930లో మొదలైన కంపెనీ అది. లోగో పైకప్పు అంచులాంటి ఎర్రటి ఆకారం, కింద అర్ధవృత్తాలు వేలాడుతూ ఉంటాయి. అవి నాలుగుండేవి, మూడు చేశారు. ఇంతేనా అనొద్దు! మూడైతే ఆకారం గట్టిపడింది, చిన్నగా చూపినా తెలుస్తుంది. ఆ అర్ధవృత్తాల్నే పెద్దవి చేసి మిగతా డిజైన్లలో వాడారు. లోగో అక్షరాల్లోంచి ఒక టైప్‌ఫేస్ పెంచి దానికి ‘లెట్స్ బీ గ్లిఫ్స్’ అని పేరు పెట్టారు. చిన్నప్పుడు ఆ బొమ్మలతో ఆడుకున్న అమ్మకి పాతది కనపడుతుంది, ఇప్పుడు ఆడుకుంటున్న పిల్లకి ఆట కనపడుతుంది.

తీసేయడంలో కూడా తెలివి ఉంది. డంకిన్ డోనట్స్ 2018లో పేరులోంచి ‘డోనట్స్’ తీసేస్తున్నామని ప్రకటించింది. సగం పేరు పోయినా జనం గుర్తుపట్టారు, ఎందుకంటే 1973 నుంచి వస్తున్న ఆ ఉబ్బిన అక్షరాల్ని, గులాబీ-నారింజ రంగుల్ని ముట్టుకోలేదు. దీనికి ఎదురుగా 2009లో నారింజ రసం బ్రాండ్ ట్రోపికానా చూడండి, పెట్టె మీద నారింజపండులో గుచ్చిన స్ట్రా బొమ్మ తీసేసి నీట్‌గా గ్లాసులో రసం పెట్టారు. అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి, వారాల్లోనే పాత పెట్టె వెనక్కి తెచ్చారు. ఆ స్ట్రా బొమ్మ గొప్ప కళాఖండమేం కాదు. కానీ షెల్ఫులో చెయ్యి అటు వెళ్లేది దాన్ని చూసే. మీ క్లయింట్ దగ్గర అలాంటిది ఏముందో కనుక్కోవడం మీ మొదటి పని.

మరి పాతవి ఎక్కడ వెతకాలి? ఇంటర్నెట్‌లో ‘రెట్రో’ అని కొడితే అందరికీ ఒకే ముప్పై బొమ్మలొస్తాయి, అందుకే అందరి పనీ ఒకేలా ఉంటోంది. ఆరన్ డ్రాప్లిన్ అనే డిజైనర్‌ని చూడండి. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒకప్పుడు విత్తనాల కంపెనీలు, ట్రాక్టర్ల డీలర్లు రైతులకి ఊరికే పంచిన జేబు పుస్తకాలు, ఎవరు డిజైన్ చేశారో కూడా తెలియనివి, అవి ఏళ్ల తరబడి పోగు చేశాడు. వాటిలోంచే 2007లో జిమ్ కూడాల్‌తో కలిసి ఫీల్డ్ నోట్స్ అనే నోటుపుస్తకాల బ్రాండ్ వచ్చింది. మూడు స్టేపుల్ పిన్నులతో కుట్టిన సాదాసీదా వస్తువు, కానీ ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. అలాగే హౌస్ ఇండస్ట్రీస్ వాళ్లు 2003లో ఫొటో-లెటరింగ్ అనే పాత న్యూయార్క్ కంపెనీ అక్షరాల సేకరణ మొత్తాన్ని కొన్నారు. తీసుకున్నదానికి డబ్బిచ్చి, అసలు గీసినవాళ్ల పేర్లు చెప్పి, కొత్తగా తయారుచేశారు. ఇది నాకు చాలా ముఖ్యం.

ఎందుకంటే దీని మీద పెద్ద గొడవే జరిగింది మన రంగంలో. 1989లో అమెరికా డిజైనర్ల సభలో టిబోర్ కాల్మన్ అనే డిజైనర్ వేదిక మీంచే జో డఫీ అనే ఇంకో డిజైనర్ పనిని విమర్శించాడు. డఫీ స్టూడియో పాతకాలపు ప్యాకింగ్ రూపాన్ని ఎంతో అందంగా వాడేది. తర్వాత ఇద్దరి వాదన ప్రింట్ పత్రికలో అచ్చయింది. కాల్మన్ బాధ ఏంటంటే, చరిత్రని అలమరలా చూస్తున్నారు, కావలసిన స్టైల్ తీసుకుని, అది ఎందుకు పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో పారేస్తున్నారు అని. అంతకు ముందు ఎనభైల మధ్యలో పౌలా షేర్ స్వాచ్ గడియారాలకి చేసిన పోస్టర్ మీద కూడా ఇలాంటి వాదనే, అది హెర్బర్ట్ మాటర్ ముప్పైల్లో చేసిన స్విస్ టూరిజం పోస్టర్‌ని దాదాపు అలాగే పెట్టింది. నా మటుకు నాకు షేర్ పోస్టర్ ఇబ్బంది అనిపించదు, అది ఆటే అని చూడగానే తెలుస్తుంది, దేన్ని తీసుకుందో దాచలేదు. నిన్న పుట్టిన కంపెనీ నూరేళ్ల దానిలా వేషం వేసుకుంటే మాత్రం నేను కాల్మన్ పక్షమే. అరిగిపోయిన చెక్క అక్షరాలు, లేని తాతగారి సంతకం, ఇవి అబద్ధాలు. చూసేవాడికి మనం ఆడుతున్నామని తెలియాలి.

ఇంకొకటి, దీన్ని దాటేయకండి. పాత రోజులు అందరికీ తియ్యగా ఉండవు. ఆంట్ జెమైమా అని 1889 నుంచి ఉన్న అమెరికా పాన్‌కేక్ పిండి బ్రాండ్, నల్లజాతి మహిళల్ని పనిమనుషులుగా వెక్కిరించే నాటకాల్లోంచి వచ్చిన బొమ్మ అది. 2020లో దాన్ని తీసేస్తున్నామని ప్రకటించి, మరుసటి ఏడాది పెర్ల్ మిల్లింగ్ కంపెనీ అని పేరు మార్చారు. అది 1888 నాటి మొదటి మిల్లు పేరు, అంటే కొత్త పేరు కూడా పాతలోంచే తీశారు. మీరు ఆర్కైవ్, అంటే దాచిపెట్టిన పాత కాగితాల సేకరణ, తెరిచినప్పుడు పాత ప్రకటనల్లో ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారు, ఎవరిని చూసి నవ్వుతున్నారు, చూడండి. అక్షరం ఎంత అందంగా ఉన్నా సరే, ఆ పక్కనున్న బొమ్మని కత్తిరించి పారేసి అక్షరం ఒక్కటే తెచ్చుకుంటే సరిపోతుందా లేదా అని టీమంతా కూర్చుని మాట్లాడుకోవాలి, ఒక్కరు నిర్ణయించేది కాదు.

సభలోంచి ప్రశ్న: క్లయింట్‌ది కొత్త స్టార్టప్ అయితే? వాళ్లకి చరిత్రే లేదు కదా.

మంచి ప్రశ్న. కంపెనీకి లేకపోవచ్చు, కానీ ఆ వస్తువుకి ఉంటుంది, ఆ పనికి ఉంటుంది. చొబానీ 2005లో పెట్టిన పెరుగు కంపెనీ. 2017లో వాళ్ల సొంత డిజైన్ బృందం రూపం మార్చినప్పుడు పందొమ్మిదో శతాబ్దపు అమెరికా జానపద చిత్రాల వైపు చూశారు. అదేదో మా వంశచరిత్ర అని చెప్పుకోలేదు, ఆ బొమ్మల్లో ఉండే నిండుదనం, మెత్తదనం కావాలనుకున్నారు, తీసుకున్నారు, దానికి తగ్గ లావుపాటి అక్షరాలు కొత్తగా గీయించుకున్నారు. మీ స్టార్టప్ సబ్బు చేస్తుంటే సబ్బు లేబుళ్ల అచ్చు ఎలా ఉండేదో చూడండి, పద్దుల యాప్ చేస్తుంటే పాత పద్దు పుస్తకాల గీతలు చూడండి. ఏ పరికరంతో గీశారో తెలుసుకుని దాంతో మీరూ కొన్నాళ్లు గీయండి. పుట్టిన సంవత్సరం మాత్రం అరువు తెచ్చుకోవద్దు.

సభలోంచి ప్రశ్న: ఇవన్నీ క్లయింట్‌కి ఎలా నచ్చజెప్తారు? ‘పాతగా ఉంది’ అని కొట్టిపారేస్తారు.

ఆ టెన్షన్ నాకూ ఉంటుంది. నేను ముందుగా రంగుల్లో చూపించను. ఒక్క నలుపులో, గోరంత సైజులో, వాళ్ల పోటీ కంపెనీల ఐకాన్ల మధ్య పెట్టి చూపిస్తాను. అక్కడ అది నిలబడితే ‘పాతగా ఉంది’ అన్న మాట సాధారణంగా రాదు. నిలబడకపోతే ఆ లోగో ఎంత ముద్దొచ్చినా నేనే వెనక్కి తీసుకుంటాను. తర్వాత ఆర్కైవ్‌లో దొరికిన అసలు కాగితం, ఫొటో కాదు, అసలుదే, వాళ్ల చేతికిస్తాను. దాన్ని తిప్పి చూస్తూ వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు. ఇంకెవరైనా అడుగుతారా? వెనక వరసలో చెయ్యెత్తారు, చెప్పండి.